పెరుగు గిన్నె వెనకాల

మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నది నా కోసమే. అప్పటికి మా ఊళ్ళో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాది పల్నాడులో కౌలు సేద్యం. పైన రేకులు, కింద నాపరాళ్ళు. "రేకుల కింద ఫ్రిజ్ ఏందమ్మా, బాగానే వెనకేశారే" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. వాళ్ళకి కనపడేది పై అరలో పెరుగు గిన్నె. దాని వెనకాల చిన్న స్టీలు డబ్బా ఉండేది. అందులో పాత నూలు గుడ్డలో చుట్టిన అట్టపెట్టె. నా మందు, ఫ్యాక్టర్ ఎయిట్, 500 యూనిట్లు. అమ్మ ఆ డబ్బాని బంగారం కంటే భద్రంగా చూసుకునేది. నిజానికి ఇంట్లో బంగారం లేదు. నా మొదటి మూడేళ్ళ ఆసుపత్రులకే అది కరిగిపోయింది.

నాకిప్పుడు ఇరవై నాలుగు. హీమోఫీలియా ఎ, సివియర్. రక్తం గడ్డకట్టాలంటే డజను దాకా ఫ్యాక్టర్లు ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటూ పోవాలి. నాలో ఎనిమిదోది లేవదు. అది ఒక శాతం కన్నా తక్కువుంటే సివియర్ అంటారు, ఒకటి నుంచి ఐదు దాకా మోడరేట్, ఆ పైన నలభై దాకా మైల్డ్. తొమ్మిదోది లేకపోతే హీమోఫీలియా బి. మాలో మేము కలిసినప్పుడు మొదటి ప్రశ్న "ఎయిటా, నైనా?" అనే. ఊరూ పేరూ ఆ తర్వాత.

గీరుకుంటే చాలు ప్రాణం పోతుందనుకుంటారు చాలామంది. నేను రోజూ గడ్డం గీసుకుంటాను. తెగితే కాసేపు నొక్కి పట్టుకుంటాను, ఆగుతుంది. అసలు గొడవంతా లోపల. మోకాలు, చీలమండ, మోచెయ్యి. ఏ దెబ్బా తగలకుండానే, నిద్రలోనే మొదలవ్వచ్చు. ముందు కీలులో గోరువెచ్చటి నీళ్ళు పోసినట్టుంటుంది, చీమలు పారినట్టుంటుంది. పైకి ఏమీ కనపడదు. ఫ్యాక్టర్ ఎక్కించాల్సింది ఆ గంటలోనే. అప్పుడైతే ఒక వయల్‌తో సరిపోతుంది. సాయంత్రానికి మోకాలు తాటికాయంత అయ్యాక నాలుగు పోసినా వారం మంచం తప్పదు.

ఈ ముక్క డాక్టర్లు చెప్తారు, పుస్తకాల్లో ఉంటుంది, అమ్మకీ తెలుసు. కానీ ఇంట్లో ఉన్నది ఒక్కటే వయల్ అయినప్పుడు లెక్క మారిపోతుంది.

"చిన్నదే కదరా, ఐస్ పెడదాం. ఇప్పుడిది వాడేస్తే రేపు పెద్దది వస్తే ఎట్టా?"

నా చిన్నతనమంతా ఈ మాట కిందే గడిచింది. మేమిద్దరం ఒకే మందు గురించి మాట్లాడుకుంటున్నాం అనుకునేవాళ్ళం, కాదు. అమ్మకి ఫ్యాక్టర్ అంటే నా ప్రాణం పోకుండా ఆపేది. నాకు ఫ్యాక్టర్ అంటే రేపు కాలేజీకి పోగలగడం.

అమ్మ భయానికి ఒక ముఖం ఉంది. మా మేనమామది. నేను పుట్టక ముందే పోయాడు, తొమ్మిదేళ్ళకి. పాలపన్ను ఊడి రక్తం ఆగలేదట. పసుపు అద్దారు, కాఫీ పొడి అద్దారు, మంత్రం వేయించారు. ఐదో రోజు పట్నం తీసుకెళ్తుంటే ఎద్దుల బండిలోనే అయిపోయింది. అది ఏం జబ్బో ఎవరికీ తెలీదు, గాలి సోకిందన్నారు. నేను పదకొండు నెలలప్పుడు మంచం పట్టె పట్టుకుని నిలబడి, పడి, పై పెదవి లోపల చీలింది. మూడు రోజులు కారుతూనే ఉందట. అంతకు ముందు టీకా వేసిన తొడ వారం రోజులు గట్టిగా బిగుసుకుపోయినా ఎవరూ పట్టించుకోలేదు. పెదవి రక్తం ఆగకపోయేసరికి అమ్మమ్మ నన్ను చూసి, "మేనమామ సాలు వచ్చిందే" అని అక్కడే కూలబడిందట. మామూలుగా ఆ మాట పిల్లాడి ముక్కు తీరు చూసి ముద్దుగా అంటారు.

అమ్మమ్మ డాక్టరు కాదు గానీ ఆమె చెప్పింది కరెక్టే. ఈ జబ్బు అమ్మ వైపు నుంచి, ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. తల్లి క్యారియర్ అయితే, అంటే ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి కొడుక్కీ సగం సగం అవకాశం. ప్రతి కూతురూ క్యారియర్ కావడానికి కూడా అంతే. ఇప్పటికీ కొత్త డాక్టరు ఎవరి దగ్గరికి వెళ్ళినా "మేనరికమా?" అని అడుగుతారు. కాదు సార్. మేనరికం లేకపోయినా వస్తుంది. మా అమ్మా నాన్నలది పదూళ్ళ దూరపు సంబంధం. వంశంలో ఎక్కడా లేకుండా కొత్తగా వచ్చిన కేసులు కూడా మూడో వంతు దాకా ఉంటాయి.

నాకు నడక వస్తున్నప్పుడు అమ్మ పాత చీర ముక్కల్లో దూది కూరి మోకాళ్ళకి పట్టీలు కుట్టింది. నాలుగు నాడాలు, వెనక ముడి. ఎండాకాలం చెమటకి తొడలు ఒరుసుకుపోయేవి. అవి వేసుకుని పాకుతున్న ఫొటో ఒకటుంది, చిన్న పహిల్వాన్‌లా ఉంటాను.

ఇక 2018 మార్చి. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు. తెల్లవారితే కామర్స్ పేపరు అనగా కుడి గజ్జలో నొప్పి మొదలైంది. కాలు చాపలేను, పొట్టకి ముడుచుకుంటేనే కాస్త సుఖం. దగ్గరి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పొట్ట నొక్కి చూసి అపెండిక్స్ అన్నారు, రాత్రికే ఆపరేషన్ అన్నారు. నాన్న డబ్బుల కోసం ఫోన్లు మొదలుపెట్టాడు.

అమ్మ పర్సులోంచి లామినేషన్ చేయించిన నా కార్డు తీసింది. "సార్, వీడికి హీమోఫీలియా. తొడ మీద గిచ్చితే తెలీట్లేదంటన్నాడు. కాలు చాపలేకపోతన్నాడు. ఇది కండలో రక్తం అయ్యుంటది, మాకు క్యాంపులో చెప్పారు" అంది. నిజంగా చెప్పారు. నడుము నుంచి తొడలోకి దిగే పెద్ద కండ ఒకటుంటుంది, అందులో రక్తం చేరితే అచ్చం అపెండిక్స్ నొప్పిలాగే ఉంటుంది, పక్కనున్న నరం నొక్కుకుని తొడ మొద్దుబారుతుంది. ఆ క్లాసులో నేను వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఐదో తరగతి చదివిన అమ్మ ముందు వరసలో కూర్చుని విన్నది.

"డాక్టరు మీరా నేనా?" అన్నాడాయన.

"మీరే సార్. అయితే ఫ్యాక్టర్ ఎక్కించకుండానే కోస్తాను, వీడికేమన్నా అయితే పూచీ నాదని కాయితం మీద రాసియ్యండి."

రాసివ్వలేదు. డిశ్చార్జి చేశారు. ఆ రాత్రి నాన్న ఊరికి బండి మీద పోయి పాల క్యాన్‌లో ఐసుముక్కలు పోసి అందులో స్టీలు డబ్బా పెట్టుకుని వచ్చాడు. మాకు తెలిసిన నర్సక్క ఇంటి వరండాలో, నులకమంచం మీద, మొబైల్ వెలుగులో ఫ్యాక్టర్ ఎక్కింది. కిలోకి ఒక యూనిట్ వేస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ రెండు శాతం లేస్తుంది. నేనప్పుడు 50 కిలోలు, కాబట్టి 500 యూనిట్లకి 20 శాతం. అలాంటి బ్లీడింగ్‌కి అది చాలదు గానీ జిల్లా పెద్దాసుపత్రికి చేరేదాకా నిలబెట్టడానికి సరిపోయింది. అక్కడ స్కానింగ్‌లో కండ నిండా రక్తం. పదకొండు రోజులున్నాను. కామర్స్ పేపరు సప్లిమెంటరీలో రాశాను.

ఆ తర్వాత పెరుగు గిన్నె వెనకాల ఏం ఉండాలన్న విషయంలో అమ్మతో వాదించే హక్కు నాకు పోయింది. పెద్దది వస్తుంది అంది. వచ్చింది.

వాదించడం మానేశాను, దాచడం మొదలుపెట్టాను. డిగ్రీ మొదటేడు క్లాసు వాళ్ళందరూ కొండవీడు పోతుంటే నేనూ పోయాను. చాలామేర బండి మీదే, ఆ పైన మెట్లూ రాళ్ళూ. దిగేటప్పుడే ఎడమ చీలమండలో గోరువెచ్చగా అయింది. ఇంట్లో చెప్తే ఏమవుతుందో తెలుసు. ముందు ఏడుపు, తర్వాత "నిన్నెవడు పొమ్మన్నాడు", ఆ తర్వాత నెల రోజులు కాలేజీ బంద్. అందుకని బూటు బిగించి కట్టుకుని మూడు రోజులు మామూలుగా నడిచాను. నాలుగో రోజు బూటు కాలికి దూరలేదు. కీలులో నిలిచిన రక్తం ఊరికే పోదు. అందులోని ఇనుము కీలు లోపలి పొరని పాడుచేస్తుంది, పొర ఉబ్బుతుంది, ఉబ్బిన పొర మళ్ళీ తేలిగ్గా రక్తం కారుస్తుంది. టార్గెట్ జాయింట్ అంటారు. ఈ రోజుకీ నా ఒంట్లో అన్నిటికంటే చెడిపోయిన కీలు అదే. అది నేను దాచిన మూడు రోజుల ఫలితం, ఇందులో అమ్మ మీద నెట్టేది ఏమీ లేదు.

లాక్‌డౌన్‌లో బస్సులు లేక, ఆసుపత్రి వాళ్ళు కొన్ని వయల్స్ ఇంటికే ఇచ్చారు. తర్వాత అవీ కరువయ్యాయి. 2021 జూలైలో కుడి మోచెయ్యికి వచ్చింది. ఆసుపత్రిలోని హీమోఫీలియా సెంటర్‌లో స్టాక్ లేదు. ఇంట్లో ఉందా అని అడిగితే అమ్మ లేదంది. నాలుగు రోజులు ఐసు, పారాసెటమాల్. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి మేము ముట్టకూడదు, రక్తాన్ని ఇంకా పలచన చేసినంత పని చేస్తాయి. రాత్రిళ్ళు చేతిని దిండు మీద పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేవాణ్ణి. అమ్మ పక్కనే మేలుకుని తడిగుడ్డ మార్చేది.

ఆగస్టులో ఒక రోజు కరెంటు పోయి ఫ్రిజ్ అంతా కారుతుంటే నేనే ఖాళీ చేశాను. కూరగాయల అర అడుగున, అల్లం కవరు కింద, స్టీలు డబ్బా. చోటు మార్చింది. లోపల పెట్టె అట్టాగే ఉంది, సీలు తీయలేదు. తిప్పి చూశాను. ఎక్స్‌పైరీ 2021 మార్చి.

నా మోచెయ్యి బ్లీడింగ్ జూలైలో. అంటే అప్పటికే అది పనికిరాని మందు. దాని ముందు ఏడాది వచ్చిన ఏడెనిమిది బ్లీడింగుల్లో దేనికైనా వాడి ఉండొచ్చు. డబ్బా తీసుకెళ్ళి పొయ్యి దగ్గరున్న అమ్మ ముందు పెట్టాను. ఏమీ అనకూడదనుకున్నాను, అన్నాను. "నీకు నేను కావాలా, ఈ డబ్బా కావాలా?" అని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అమ్మ పెట్టె మీది అంకెల్ని వేలితో తడిమింది. ఆమెకి ఇంగ్లీషు అంకెలు వచ్చు, కానీ ఆ వరసలో ఏది తయారైన తేదీయో ఏది ముగిసే తేదీయో తెలీదు. మేమెవ్వరం చెప్పలేదు.

ఆ చెయ్యి ఇప్పుడు పూర్తిగా చాచలేను. ముద్ద నోటికందుతుంది. బస్సులో పై కమ్మీ అందదు.

సొంతంగా ఎక్కించుకోవడం నేర్చుకోవాలని ఆ ఆగస్టులోనే నిర్ణయించుకున్నాను. హీమోఫీలియా సొసైటీ చాప్టర్ వాళ్ళు పెట్టిన క్యాంపులో నేర్పింది డాక్టరు కాదు, మేమందరం మాస్టారూ అని పిలిచే ఒక పేషెంటు. యాభై దాటాయి. రెండు మోకాళ్ళూ వంగవు, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు ముందుకి చాచినట్టే ఉంటాయి. ఆయన కాలంలో ఫ్యాక్టర్ లేదు. ప్లాస్మా, క్రయో బ్యాగులు, వాటితో చలిజ్వరం. క్రయో అంటే చలికి గడ్డకట్టించిన ప్లాస్మాని మెల్లగా కరిగిస్తే అడుగున మిగిలేది. 1960ల్లో అమెరికాలో జుడిత్ పూల్ అనే ఆమె కనిపెట్టింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కానీ దాతల రక్తంలో ఏముంటే అదే వచ్చేది. మాస్టారికి హెపటైటిస్ సి అట్టా వచ్చిందే. 1980ల్లో విదేశాల్లో, ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్ వాడిన వేలమందికి హెచ్‌ఐవీ సోకింది. "మీరు స్టాక్ లేదని ఏడుస్తారు, మేము ఎక్కిస్తే ఏం వస్తుందోనని ఏడ్చేవాళ్ళం" అన్నాడాయన నవ్వుతూ.

నేర్చుకోవడంలో కష్టం గుచ్చడం కాదు, తొందరపడకపోవడం. ఫ్రిజ్ లోంచి తీసిన వయల్‌ని కాసేపు బయట ఉంచాలి. పొడిలోకి నీళ్ళు దించాక కుదపకూడదు, నురగ వస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి, దీపానికి వత్తి చేసినంత నెమ్మదిగా తిప్పాలి. అప్పటిదాకా తెల్లటి బిళ్ళలా ఉన్నది నీళ్ళలా తేటపడుతుంది. జబ్బకి రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో వెతకాలి. "నరాన్ని కంటితో చూడకు, వేలితో తాకు, తడిసిన రబ్బరు గొట్టంలా తగుల్తది" అన్నాడు మాస్టారు. నా కుడి చెయ్యి పూర్తిగా చాచలేకపోవడం ఇక్కడ అడ్డం కాలేదు, ఎడమ చేతిని గుచ్చడానికి అంత చాపు అక్కర్లేదు. మొదటిసారి మూడు పోట్లు, మూడూ తప్పు. నాలుగోదానికి సీతాకోకచిలుక సూది గొట్టంలోకి ఎర్రటి గీత పాకి వచ్చింది. జీవితంలో మొట్టమొదటిసారి నా రక్తం చూసి సంతోషపడ్డాను.

అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. రెండు వారాల తర్వాత తనూ నేర్చుకుంటానంది. నా మీద కాదు, ముందు మాస్టారి చేతి మీద ప్రాక్టీసు చేసింది. ఆయన ఏమాత్రం కదల్లేదు.

2023లో మా సెంటర్‌లో డాక్టర్ గారు ప్రొఫైలాక్సిస్ మొదలుపెడదామన్నారు. బ్లీడింగ్ వచ్చినా రాకపోయినా వారానికి రెండుసార్లు, 500 చొప్పున. విదేశాల్లో ఇచ్చేదానికంటే ఇది చాలా తక్కువ డోసు. ఎనిమిదో ఫ్యాక్టర్ ఒంట్లో పన్నెండు గంటల్లో సగమైపోతుంది, రెండు రోజులకి అడుగంటుతుంది. సున్నాని కాస్త ఒకటి చేసి ఉంచడం, సివియర్‌ని మోడరేట్‌లా బతికించడం, అంతే అన్నారు.

అమ్మ ఒప్పుకోలేదు. "రక్తం రాకుండానే మందెందుకు డాక్టర్ గారూ? వచ్చినప్పుడే దొరకట్లేదే. ఉన్నదంతా ఊరికే ఒంట్లో పోసుకుని, నిజంగా వచ్చిన్నాడు చేతులూపుకుంటూ కూర్చోవాలా?"

ఇంటికొచ్చాక కూడా అదే. నేను కీళ్ళ సంగతి చెప్పాను, నోట్‌బుక్ చూపించాను. ముందు ఏడాదికి 31 బ్లీడింగులు రాసి ఉన్నాయి. ఆమె వినలేదు. అప్పటిదాకా నా మందు విషయంలో నోరెత్తని నాన్న, చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "నల్ల తామర పురుగొచ్చిన ఏడాది మనమేం చేశాం?" అన్నాడు.

అమ్మ మాట్లాడలేదు. 2021-22లో గుంటూరు, పల్నాడు మిరపని ఆ పురుగు ఊడ్చేసింది. పూతలోకి దూరి రసం పీల్చేస్తుంది, కంటికి ఆనదు.

"పురుగు కనపడ్డాక కొట్టాం. ఎన్ని వేలు పోశాం? చేను దున్నేశాం. రాకముందు ఒక కొట్టుడు కొట్టినోడికి కాయ మిగిలింది. వాడి మోకాలు కూడా అట్టాంటిదేలే."

దీంతో అమ్మ పూర్తిగా మారిపోయిందని చెప్పను. మంగళవారం, శనివారం నేను సూది తీసినప్పుడల్లా చాలారోజులు ఆమె పెరట్లోకి వెళ్ళిపోయేది. మొదటి ఏడాది నోట్‌బుక్‌లో ఆరు రాశాను. ఆరూ చీలమండే.

ఉద్యోగం విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో. జీఎస్టీ రిటర్నులు. ప్రతి నెలా 20వ తేదీ గడువు, పద్ధెనిమిది నుంచే రాత్రి పది దాటుతుంది. ప్రొఫైలాక్సిస్‌కి ముందు నా బ్లీడింగులకి కూడా ఆ తేదీలంటే మహా ఇష్టం. జబ్బు సంగతి చేరేముందే చెప్పాను. చెప్పకుండా చేరిన స్నేహితుడొకడు ఐదు నెలలకే మానుకోవాల్సొచ్చింది. ఏది మంచిదో నాకూ తేలలేదు, చెప్పినందువల్ల పోయిన ఉద్యోగాలు నావీ రెండున్నాయి.

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు సంగతి చెప్తే పెద్ద కథ. "కాళ్ళూ చేతులూ బానే ఉన్నాయిగా" అన్న గుమాస్తా దగ్గర్నుంచి అన్నీ చూశాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో హీమోఫీలియా ఉంది. కానీ అదే చట్టం ఉద్యోగాల్లో ఇచ్చే నాలుగు శాతం రిజర్వేషన్ జాబితాలో లేదు. చదువులో ఉంది, ఉద్యోగంలో లేదు. చదువుకుని ఏం చేయాలనుకున్నారో మరి. మా రాష్ట్రంలో సివియర్ వాళ్ళకి నెలకు 10,000 పింఛను వస్తుంది. వచ్చిన మొదటి నెల నాన్న ఆ డబ్బు తీసుకోనన్నాడు. మూడో నెల ఎరువుల బాకీ కట్టాడు.

అక్క గురించి రాయకపోతే ఇది సగం కథే. అక్కకి నెలసరిలో ఎప్పుడూ ఎక్కువ రక్తం పోయేది, మంచానపడేది. ఆడపిల్లలకి అది మామూలే అన్నారు అందరూ, ఇంట్లో నేనొకణ్ణి ఉన్నా కూడా. ఇరవై మూడేళ్ళకి, పెళ్ళి చూపుల ముందు, తనే పట్టుబట్టి పరీక్ష చేయించుకుంది. ఫ్యాక్టర్ 34 శాతం. క్యారియర్ మాత్రమే కాదు, తనూ మైల్డ్ పేషెంటే. అవతలివాళ్ళకి ముందే చెప్పాలంది. ఒక సంబంధం తప్పిపోయింది. బావ వాళ్ళు ఒప్పుకున్నారు.

2023లో నెల తప్పింది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మూడో నెలలోనే పిండానికి పరీక్ష చేస్తారు, ఇలాంటి జబ్బులకి చట్టమూ ఒప్పుకుంటుంది. చేయించుకోమని నేనన్నాను. అవును, నేనే. అమ్మ వద్దంది, దేవుడిచ్చిందంది. అక్క ఇద్దరి మాటా విని, "ఉందని తేలితే ఏం చేయమంటావురా?" అంది. నేను తల దించుకున్నాను. "నువ్వు బతకట్లేదా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండాలి. ఎందుకో ఆ రోజు రాలేదు. అర్ధరాత్రి ఐసు పెట్టుకుని గోడకానుకున్న రోజుల్ని ఇంకొకళ్ళకి ఇవ్వాలనిపించలేదు, అంతే.

కాన్పుకి ముందే డాక్టరమ్మకి చెప్పి, బిడ్డ తలకి వ్యాక్యూమ్, పట్టకార్లు వాడకూడదని రాయించుకున్నారు. బొడ్డుతాడు రక్తమే పరీక్షకి పంపారు. సివియర్.

కానీ వాడి జబ్బు నా జబ్బులా లేదు. తొమ్మిదో నెల నుంచి, దానంగా వచ్చే కోటాలో, ఎమిసిజుమాబ్ ఇస్తున్నారు. అది ఫ్యాక్టర్ కాదు, ఫ్యాక్టర్ ఎయిట్ చేయాల్సిన పనిని తను చేస్తుంది, పక్కపక్కన ఉండాల్సిన వేరే రెండు ఫ్యాక్టర్లని పట్టి దగ్గరికి చేరుస్తుంది. నరం వెతకక్కర్లేదు, చర్మం కిందే, నెలకొకసారి. వాడికి రెండేళ్ళు రాబోతున్నాయి. ఇప్పటిదాకా కీలు వాచడం అంటే ఏంటో తెలీదు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు వరండాలోంచి వాకిట్లోకి దూకుతుంటే అమ్మ రెండు చేతులూ చాచి వెనకాలే పరుగెత్తుతోంది. "అమ్మా, వదిలెయ్" అంటుంది అక్క. మధ్యాహ్నం పెట్టె తీసి, నా పాత మోకాలి పట్టీలు ఉతికి ఆరేసి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అక్క వాటిని వాసన చూసి దండెం మీద వేసింది. వాడికి కట్టలేదు.

నాకది చూస్తుంటే సంతోషమే. కాస్త ఈర్ష్య కూడా ఉంది, ఎందుకు దాచాలి. నాకూ ఆ ఇంజెక్షన్ కావాలని రాసిచ్చాను, చిన్నపిల్లలు, ఇన్హిబిటర్ వచ్చినవాళ్ళు ముందు. న్యాయమే. ఇన్హిబిటర్ అంటే ఒళ్ళు ఫ్యాక్టర్‌నే శత్రువనుకుని తిప్పికొట్టడం. వాళ్ళ కష్టం ముందు నాది ఎంత.

వేలూరు సీఎంసీ వాళ్ళు ఐదుగురికి జీన్ థెరపీ, అంటే ఫ్యాక్టర్ తయారుచేసే మంచి జన్యువుని ఒంట్లోకి ఎక్కించే వైద్యం, చేస్తే ఐదుగురికీ బ్లీడింగులు ఆగిపోయాయని 2024 చివర్లో వార్తలొచ్చాయి. ఆ వార్త నాకంటే ముందు అమ్మే చూసింది. "ఒక్కసారే చేస్తారంటగా. పోదామా?" అంది. రక్తం రాకుండా మందెందుకని పోట్లాడిన మనిషే. నేనే వెనకాడుతున్నాను. ముందు ఎముక మూలుగలోని కణాల్ని మందులతో ఖాళీ చేయాలి, ఆ రోజులు ప్రమాదంతో కూడినవి, పైగా అది ఇంకా పరిశోధనే. వారానికి రెండు సూదులతో నా బతుకు ఒక దారిన పడింది, ఇప్పుడే కదపాలని లేదు. అమ్మకి ఈ జబ్బు అయిపోవాలి, నాకు దీంతో రోజు గడిస్తే చాలు. పదేళ్ళ తర్వాత చూద్దాంలే అన్నాను. "నాకు పదేళ్ళున్నాయా" అంది, మామూలుగానే, బియ్యం ఏరుకుంటూ.

పండగ వెళ్ళిన మర్నాడు విజయవాడ బయల్దేరుతూ, దారికి పెరుగన్నం కలుపుకుందామని ఫ్రిజ్ తీశాను. గిన్నె జరిపితే వెనకాల స్టీలు డబ్బా. కొత్త నూలు గుడ్డ. నా వయల్స్ అన్నీ నా రూములోనే ఉంటాయి, ఇంట్లో ఒకటి ఉన్నట్టు నా లెక్కలో లేదు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నిలబడి ఉంది.

"వాడికిరా. ఆ ఇంజెక్షన్ ఉన్నా కింద పడి తలకి దెబ్బ తగిల్తే ఫ్యాక్టర్ వేయాల్సిందే అన్నాడు డాక్టరు. అక్కనడిగి తెచ్చా."

డాక్టరు అన్నది నిజమే. పెట్టె తిప్పి చూశాను. ఎక్స్‌పైరీ చోట ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంది. పక్కనే అమ్మ చేతిరాత, వంకర అంకెలు, 2027 మే. గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, గిన్నె వెనకాలకి జరిపాను.